చేతక్ స్కూటరుకు మారు ఇంజను

మా నాన్నగారు 1980లో కొన్న బజాజ్ చేతక్ స్కూటరు, ఆయన పోయిన తరువాత, 2018లో ఓడలో ఇంగ్లండు చేరింది. ఓడ కిరాయి విన్న మిత్రులు ఆ డబ్బుతో ఇక్కడే ఒక మంచి బండి వచ్చేదన్నారు. నిజమే, కాని అది నాన్నగారు సంవత్సరాల తరబడి వరుసలో నిరీక్షించి తెచ్చుకున్న బండి కాదు కదా! ఆ రోజుల్లో చేతక్ బుక్ చేసుకున్నవాడికి పెళ్ళి సంబంధం ముందు కుదిరేది, స్కూటరు తరువాత వచ్చేది.

అటువంటి బండి ఇంజనును 2022 వసంతకాలంలో నా చేతులారా పాడుచేసుకున్నాను. ఏయే ద్రవాలను ఏయే పాత్రల్లో నిలవ ఉంచరాదో చెప్పి జీతం తీసుకునే రసాయన శాస్త్రజ్ఞుణ్ణి నేను. ఆ శీతాకాలమంతా పెట్రోలు కుళాయి కట్టకుండానే బండిని గ్యారేజీలో వదలివేశాను. మార్చి నెలలో ఒక ఆదివారం కిక్కు కొట్టగా స్టార్టయింది. అయిదు నిమిషాలు నడిచి, గరగరమని శబ్దం చేసి, పట్టేసింది.

జరిగినదేమిటో తెలియాలంటే టూ-స్ట్రోక్ ఇంజను తీరు కొంత తెలియాలి. కారు ఇంజనులో నూనె అడుగున విడిగా ఉంటుంది. చేతక్‌లో అలా కాదు. గాలి, పెట్రోలు, నూనె కలిసిన మిశ్రమం మొదట క్రాంక్ తిరిగే గదిలోకి వచ్చి, అక్కడి బేరింగులను తడిపి, ఆ పిమ్మట సిలిండరులోకి పోతుంది. బంకులో లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలిపించుకోవడం మనలో చాలామందికి జ్ఞాపకమే. ఇంజనుకు వేరే అభ్యంగనం లేదు, ఆ రెండు శాతమే దాని ప్రాణం.

నా కుళాయి తెరచి ఉండడం వల్ల పెట్రోలు బొట్టుబొట్టుగా కార్బురేటరు దాటి, దాని కిందనే ఉన్న క్రాంక్ గదిలోకి దిగింది. 2021 సెప్టెంబరు నుండి బ్రిటనులో సాధారణ పెట్రోలులో 10 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్‌కు తేమను పీల్చుకొనే గుణం ఉంది. ఆ తేమ సుమారు అర శాతం దాటితే మిశ్రమం విరిగిపోతుంది. పెట్రోలు పైన తేలుతుంది, నీరు, ఇథనాల్ కలసిన పొర అడుగుకు దిగుతుంది. ఆ పొరలో నూనె కరగదు. అంటే ఏ బేరింగులను నూనె కాపాడవలసి ఉన్నదో, వాటిని శీతాకాలమంతా నీళ్ళలో నానబెట్టానన్నమాట. తుప్పు తాను తినివేసిన ఇనుము కంటె రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. నున్నని గుండ్లు గరుకయ్యాయి, వాటిని పట్టి ఉంచే పంజరం విరిగింది, విరిగిన ముక్క క్రాంకుతోపాటు తిరిగింది.

ఇండియాలో తల్లిదండ్రుల ఇంట పాత స్కూటరు ఉన్నవారు కూడా ఈ సంగతి గమనించాలి. 2025 నాటికి అక్కడ పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. నెలల తరబడి కదలని బండిలో పెట్రోలు ఉంచకండి.

బేరింగులు మార్చి, బోరు వేయిస్తే సరిపోదా అని అడగవచ్చు. నేనూ అదే ఆశించాను. కాని ఈ ఇంజనులో ఒక చమత్కారం ఉంది. మిశ్రమం లోపలికి వచ్చే ద్వారానికి వేరే తలుపు లేదు, తిరిగే క్రాంక్ చక్రమే తలుపు. ఆ చక్రపు అంచుకూ, అల్యూమినియం గదిలో నునుపుగా చెక్కిన ద్వారపు గట్టుకూ నడుమ ఎడం వెంట్రుక మందమంత కూడా ఉండదు. ఆ గట్టు మీద లోతైన గీతలు పడితే తలుపు సరిగా మూతపడదు, మిశ్రమం వెనక్కు తన్నుతుంది. నా బండిలో విరిగిన ఇనుపముక్క సరిగ్గా అక్కడే గీసింది. పోనీ, ఆ సగం పెంకు మాత్రం మార్చుదామా అంటే, క్రాంక్ గది రెండు సగాలను కర్మాగారంలో జతగా బిగించి తొలుస్తారు. ఒక ఇంజను సగం మరొక ఇంజను సగంతో అతకదు. పైగా ఇంజను సంఖ్య ముద్ర కూడా గీతలు పడిన సగం మీదనే ఉంది.

కనుక పూర్తి ఇంజనునే వెదకవలసి వచ్చింది. చేతక్ ఇటలీలోని పియాజియో సంస్థవారి వెస్పా స్ప్రింట్ వంశానిది. బోరు 57 మిల్లీమీటర్లు, స్ట్రోకు కూడా 57. ఇంట్లో పిల్లలుంటే లెక్క కట్టమనండి, 145.45 ఘన సెంటీమీటర్లు వస్తుంది. ఇటలీ స్ప్రింట్ ఇంజను పెట్టవచ్చు గాని, ఇక్కడి ఔత్సాహికులు దాని ధరను ఆకాశానికి ఎత్తారు. తరువాతి వెస్పా పి.ఎక్స్.లోనూ, కాన్పూరు ఎల్.ఎం.ఎల్. వారి బండ్లలోనూ బోరు 57.8, అంటే సుమారు 150 సి.సి. దానిని ఇమిడించినవారున్నారు, కాని బిగింపు రబ్బర్లు, వైరింగు మార్చుకోవాలి, నా 6 వోల్టుల దీపాలకు సెలవు చెప్పాలి. బజాజ్ సూపర్ ఇంజను ఒకటి చౌకగా వచ్చింది. సూపర్ చక్రం 8 అంగుళాలు, చేతక్‌ది 10 అంగుళాలు. ఆ బేరం వద్దనుకున్నాను. అసలైన చేతక్ ఇంజనే అని ఇక్కడ ఒకరు ఫోటో పంపారు గాని, సంఖ్య ఉండవలసిన చోట ఆకురాయితో రాచిన జాడ కనిపించింది. సంఖ్య లేని ఇంజనును ఊరికే ఇచ్చినా తీసుకోరాదు. అది ఎవరి ఇంటి ముందు నుండి మాయమైనదో మనకు తెలియదు.

చివరకు మా బావగారు విజయవాడ ఆటోనగర్‌లో నాలుగు వారాలు తిరిగి ఒక చేతక్ ఇంజనును, దాని పాత బండి కాగితాలతో సహా సంపాదించారు. నా కోరికపై అక్కడి మేస్త్రీ సిలిండరు విప్పి, ద్వారపు గట్టు మీద టార్చిలైటు వేసి ఫోటో తీశాడు. గోటితో గీరితే ఎక్కడా తగలలేదని ఫోనులో చెప్పాడు. ఆ ఒక్క మాట మీదనే డబ్బు పంపాను. మిగిలినవన్నీ మార్చుకోదగినవి. పెట్రోలు, నూనె పూర్తిగా తీసివేసి, కడిగి ఆరబెట్టిన తరువాతనే సరకు పంపేవారు దానిని స్వీకరించారు.

ఇంజను చేరాక కొత్త బేరింగులు, కొత్త ఆయిల్ సీళ్ళు వేశాను. పాత రకపు రబ్బరుకు బదులు ఫ్లోరిన్ చేర్చిన రబ్బరు సీళ్ళు ఎన్నుకున్నాను, అవి ఇథనాల్‌కు బాగా తట్టుకుంటాయి. ఈ సీళ్ళు చిన్నవే గాని ప్రమాదకరమైనవి. మాగ్నెటో వైపు సీలు కారితే గాలి దొంగతనంగా చొరబడి మిశ్రమం పలుచనై, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. క్లచ్ వైపుది కారితే గేరు నూనె లోపలికి పీల్చుకొని తెల్లని పొగ వస్తుంది. అందువల్ల ద్వారాలన్నీ మూసి, కొద్ది ఒత్తిడితో గాలి నింపి, అతుకుల మీద సబ్బునీళ్ళు పూసి చూశాను. ప్రయోగశాలలో గాజు పరికరాలకు చేసే పరీక్షే. ఒకచోట బుడగలు వచ్చాయి, ప్యాకింగు మార్చాను. పిస్టన్ తలపై చెక్కిన కొలతను బట్టి ఇంజనుకు ఇదివరకే ఒకసారి బోరు వేయించారని తెలిసింది. అది లోపం కాదు, ఇంకా కొన్ని బోర్లకు ఇనుము మిగిలే ఉంది.

ఇంజను మార్చినప్పుడు ఆ సంగతి ఇక్కడి వాహన రిజిస్ట్రేషను శాఖకు తెలియజేయాలి. ఫారం నింపుతూ, ఇంజను సంఖ్య గడి వద్ద కొంతసేపు ఆగిపోయాను. నాన్నగారి సంతకం ఉన్న ఆర్.సి. పుస్తకంలోని సంఖ్య ఇక ఏ కాగితంలోనూ ఉండదు. దెబ్బతిన్న గట్టు మీద అల్యూమినియం అతికి మళ్ళీ చెక్కగల పనివారు ఈ దేశంలో ఉన్నారు, అది ఖరీదైన పని. పాత పెంకులు రెండింటినీ జత విడదీయకుండా, నూనె గుడ్డలో చుట్టి అటకమీద పెట్టాను.

గత ఆగస్టులో మొదటి కిక్కు కొట్టాను. పలకలేదు. అప్పుడు నాన్నగారు చేసినట్టే బండిని ఒక పక్కకు వంచి, కొన్ని క్షణాలు ఆగి, నిలబెట్టాను. చిన్నప్పుడు అదేదో మంత్రమనుకునేవాణ్ణి. వంచినప్పుడు కార్బురేటరులో పెట్రోలు పొర్లి మిశ్రమం చిక్కనవుతుంది, అంతే. రెండో కిక్కుకు అందుకుంది. గుంటూరులో ఉన్న అమ్మకు వినిపించాలని, పిల్లవాడి చేతికి ఫోను ఇచ్చి వెనుక కూర్చోబెట్టుకొని మా వీధి చివరి వరకు వెళ్ళాను. అమ్మ కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఇంకా రెండో గేరులోనే ఉన్నావేమిరా, మూడు వెయ్యి, ఇంజను అరుస్తోంది" అన్నది.