దూరపు పత్రికలు, ధాత కరవు

“దూరపు కొండలు నునుపు” అని మన పెద్దలు చెప్పుదురు. ఎచ్చటనో యుండి, ఆపదవేళ నొక ప్రభుత్వము చేసిన పనిని విమర్శించు పత్రికల మాటకు మన మెంత విలువ నీయవలెను? ఇందులకు ధాత కరవు కథ తగిన యుదాహరణము.

1873-74లో బీహారున వానలు లేక పంటలు పోయెను. సర్ రిచర్డు టెంపులు దొర బర్మానుండి సుమారు 4,50,000 టన్నుల బియ్యము తెప్పించి ప్రజలను పోషించెను. ఆకలిచావులు మిక్కిలి తక్కువ. అయినను లండనులోని ‘ఎకానమిస్టు’ పత్రిక, తమ్ము బ్రదికించుట ప్రభుత్వపు విధియని ప్రజలు తలంతురని యాక్షేపించెను. బియ్యము మిగిలిన మాట నిజమే. ప్రాణములు మిగిలిన మాటయు నిజమే.

1876లో, ధాత సంవత్సరమున, బళ్లారి, కర్నూలు, కడప మండలములును, మన నిజాము రాజ్యములో కొంత భాగమును వానలు లేక యెండిపోయెను. 1877 ఆరంభమున ప్రభుత్వము ఆ టెంపులు దొరనే దక్షిణమునకు పంపెను. మున్ను దుబారా చేసెనని నిందపడినవాడు గాన ఈసారి ఖర్చు తగ్గించుటయే చూచెను. దినమెల్ల మట్టిపని చేయు పురుషునికి 1 పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, ఒక అణాయు కూలిగా నేర్పరచెను. ఇంత తిండితో కష్టజీవి బ్రదుకజాలడని మదరాసు ఆరోగ్యాధికారి కార్నిషు వైద్యుడు వాదింపగా, కొన్ని మాసములకు కూలి పెరిగెను.

పత్రిక మేలు చేయుటయు నీ కరవులోనే కలదు. ‘మదరాసు టైమ్సు’ సంపాదకుడు విలియం డిగ్బీ ప్రజల దుస్థితిని వెల్లడించుచు వచ్చెను. 1877 ఆగస్టులో మదరాసున సభ కూడి లండను నగరాధ్యక్షుని సాయము కోరిరి. పత్రికల మూలమున వార్త వ్యాపించి లక్షల పౌనుల చందా చేరెను. ఒంగోలు మిషనులోని క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించిరి. అయినను దేశమున మొత్తము 50 లక్షలకు మించి మరణించిరని యంచనా. ఆ పిమ్మటనే కరవు విచారణ సంఘము ఏర్పడి, 1880లో నిచ్చిన నివేదికనుబట్టి కరవు నిబంధనలు పుట్టెను.

కావున విమర్శ పరదేశమునుండి వచ్చెనని కోపగింపనక్కర లేదు. అచ్చులో నున్నదని నమ్మనక్కరయు లేదు. మన విద్యార్థులు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. వ్రాసినవాడు చూచి వ్రాసెనా? అతడు లెక్కించినది రూపాయలనా, ప్రాణములనా?