వర్ష సూచన గణనలో ప్రాసెస్ సమూహాల వినియోగం

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలలలో విచ్చిన పత్తికిగాని, కల్లంలో ఆరుతున్న మిరపకుగాని ఒక్క అకాల వర్షం చాలు, నాణ్యత దెబ్బతినడానికి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు రైతులకు ఇది మరోసారి అనుభవమైంది. వాన మొదలైన తరువాత అందిన సూచన వల్ల ప్రయోజనం లేదు.

భారత వాతావరణ శాఖ 2018 జూన్ నుంచి 12 కిలోమీటర్ల గ్రిడ్‌పై 21 అంచనాల సమాహార విధానాన్ని అనుసరించింది. ఆరంభ స్థితిలో స్వల్ప భేదాలతో ఒకే నమూనాను 21 మార్లు నడిపి, వర్షం కురిసే సంభావ్యతను లెక్కించడం ఇందులోని సూత్రం. ఇటువంటి గణనను వేగంగా ముగించాలంటే పనిని అనేక ప్రాసెస్‌లకు పంచాలి. అవి పరస్పరం సందేశాలు పంపుకొనే పద్ధతికి 1994లో వెలువడిన ప్రమాణమే ఎంపీఐ.

ఉదాహరణకు ఒక్కొక్క అంచనాకు 64 ప్రాసెస్‌లు కేటాయిస్తే మొత్తం 1,344 అవుతాయి. వీటికి 0 నుంచి 1,343 వరకు సంఖ్యలు ఉంటాయి. సంఖ్యను 64తో భాగించగా వచ్చిన భాగఫలాన్ని ‘రంగు’గా ఇచ్చి విభజిస్తే, ఒకే రంగు గలవి ఒక సమూహమవుతాయి. 200వ ప్రాసెస్ 3వ అంచనా సమూహంలో చేరి, అందులో 8వ సంఖ్య పొందుతుంది.

శేషాన్ని రంగుగా ఇచ్చి మరల విభజిస్తే అడ్డు సమూహాలు ఏర్పడతాయి. శేషం 8గా గల 21 ప్రాసెస్‌లు ఒకే భూభాగపు 21 అంచనాలను కలిగి ఉంటాయి. ఆ భూభాగం గుంటూరు ప్రాంతమైతే, అక్కడి వర్ష సంభావ్యతను ఆ 21 మాత్రమే సంప్రదించుకొని తేల్చగలవు. తక్కిన 1,323 ప్రాసెస్‌లు ఆగవలసిన పని లేదు.

అయితే రెండు జాగ్రత్తలు తప్పనిసరి. విభజన ఆదేశాన్ని ఏ సమూహంలోనూ చేరనవసరం లేని ప్రాసెస్ కూడా పిలవాలి. సమూహంలోని ఉమ్మడి చర్యలను సభ్యులందరూ ఒకే క్రమంలో పిలవాలి. ఒక్కటి తప్పుకొన్నా మిగిలినవి నిరీక్షిస్తూ ఉండిపోవచ్చు. అప్పుడు దోష సందేశం సైతం రాకపోవచ్చు. గణన నిలిచిపోతుంది, గడియారం మాత్రం నిలవదు.

కాబట్టి పూర్తిస్థాయి గణనకు ముందు, కొద్ది ప్రాసెస్‌లతో ప్రతి సమూహపు సభ్యత్వాన్ని ముద్రించి సరిచూసుకోవడం శ్రేయస్కరం. అక్కడ ఆదా అయిన గంట, కల్లంలోని మిరపపై పట్ట కప్పుకొనడానికి రైతుకు దక్కుతుంది.