సంచార సైనిక వైర్‌లెస్ నెట్‌వర్క్‌లు: బ్యాండ్‌విడ్త్ కేటాయింపు

పరిచయం

మనం వాడే మొబైల్ ఫోన్ వ్యవస్థలో టవర్ కదలదు. ఏ ఫోన్‌కు ఎంత వాటా ఇవ్వాలో అదే నిర్ణయిస్తుంది. యుద్ధరంగంలో అలాంటి టవర్ ఉంటుందన్న నమ్మకం లేదు. రేడియో సెట్లన్నీ కదులుతూనే, ఒకదాని సందేశాన్ని మరొకటి అందిస్తాయి. అప్పుడు వాటాలు ఎలా పంచాలో ఈ భాగంలో పరిశీలిద్దాం.

ఒక ఉదాహరణ

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమను కకావికలు చేసింది. అలాంటి విపత్తులో టవర్లు కూలిపోయి, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది వద్ద ఒక సైనిక దళం పది పడవలతో సహాయక చర్యలు చేపట్టిందనుకొందాం. ఇక్కడ కొండలు లేవు. రెండు మీటర్ల ఎత్తున్న రెండు యాంటెన్నాల మధ్య రేడియో తరంగాలు నేరుగా చేరే దూరం సుమారు 12 కిలోమీటర్లు. కొబ్బరితోటలు అడ్డొస్తే అది ఇంకా తగ్గుతుంది. 400 మీటర్ల ఎత్తున ఒక హెలికాప్టర్‌ను రిలేగా ఉంచితే ఆ దూరం 85 కిలోమీటర్లు దాటుతుంది. అయితే ప్రతి సందేశమూ ఒకసారి పైకి, ఒకసారి కిందికి ప్రసారం కావాలి. దూరం సమస్య తీరుతుంది, ఇరుకు మొదలవుతుంది.

లెక్క

సైనిక వి.హెచ్.ఎఫ్. రేడియోలలో ఛానల్ వెడల్పు సాధారణంగా 25 కిలోహెర్ట్జ్. అందులో సెకనుకు 12,000 బిట్లు పంపగలమనుకొంటే, రిలే వల్ల మనకు మిగిలేది 6,000. కుదించిన ఒక సంభాషణకు 2,400 బిట్లు కావాలి. 3 లక్షల బైట్ల ఫోటో ఒక్కటి పంపితే ఛానల్ మొత్తం దాదాపు ఏడు నిమిషాలు దానికే పోతుంది.

కేటాయింపు పద్ధతులు

1. స్థిర కేటాయింపు: ప్రతి పడవకూ సమానమైన టైమ్ స్లాట్ ఇస్తారు. ఇది సులభం. కానీ మౌనంగా ఉన్న పడవ స్లాట్ వృథా అవుతుంది.

2. అవసరాన్నిబట్టి కేటాయింపు: అడిగినవారికి ఇస్తారు. వృథా తగ్గుతుంది. కానీ అడగడానికీ కొంత బ్యాండ్‌విడ్త్ ఖర్చవుతుంది.

3. ప్రాధాన్య కేటాయింపు: ఆదేశాలు, ఆపద సందేశాలు ముందు వెళ్తాయి. దీన్నొక్కదాన్నే పాటిస్తే, వరుసలో చివరనున్న పడవకు ఎప్పటికీ వంతు రాకపోవచ్చు. గట్టు తెగడాన్ని మొదట చూసేది ఆ పడవే కావచ్చు.

అందువల్ల మూడింటినీ కలపడం మేలు. ప్రతి పడవకూ సెకనుకు 120 బిట్ల కనీస వాటా ఇస్తే, తానున్న చోటును, ఆపద సంకేతాన్ని పంపడానికి సరిపోతుంది. పది పడవలకు 1,200 పోగా మిగిలిన 4,800 బిట్లలో ఒకేసారి రెండు సంభాషణలు సాగుతాయి. వాటిని అవసరం, ప్రాధాన్యం చూసి ఇవ్వాలి. ఫోటోలను చిన్న ముక్కలుగా చేసి, సంభాషణలు లేని వేళల్లో పంపాలి.

ఉపగ్రహం ఉన్నా ఈ సూత్రం మారదు. మన నౌకాదళం కోసం 2013 ఆగస్టు 30న ప్రయోగించిన జీశాట్-7 దూరాన్ని జయిస్తుంది. కానీ దాని సామర్థ్యాన్ని కూడా నౌకలూ విమానాలూ పంచుకోవలసిందే.

సారాంశం

సైనిక నెట్‌వర్క్‌లో న్యాయమైన పంపకం అంటే అందరికీ సమాన వాటా కాదు. ఎవరి గొంతూ పూర్తిగా మూగబోకుండా చూస్తూ, అత్యవసర సందేశానికి దారి ఇవ్వడం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పడవలు ఇరవై అయితే, కనీస వాటాలు పోగా ఒకేసారి ఎన్ని సంభాషణలకు చోటుంటుంది? కనీస వాటాను తగ్గించడం మంచిదేనా? కారణాలతో రాయండి.