పొద్దు పొడుగైతే కైకిలి పెరగొద్దా?

ఎండకాలం సూర్యుడు దగ్గరికొస్తడని శానమంది అనుకుంటరు. నిజానికి భూమి సూర్యునికి దగ్గరుండేది జనవరి మొదట్ల, మనం సలికి వణికేటప్పుడే. అసలు సంగతంతా భూమి వంపుల ఉన్నది. 23.5 డిగ్రీలు ఒక పక్కకు ఒరిగే భూమి సూర్యుని చుట్టు తిరుగుతది. జూన్ 21 కాడ మన ఉత్తర సగం సూర్యుని దిక్కు ఒంగి ఉంటది, పగలు పొడుగైతది. డిసెంబర్ 21, 22 కాడ అవుతలికి ఒరుగుతది, పగలు పొట్టిగైతది. వీటినే అయనాంతాలు అంటరు.

మరి పొడుగు పగలు జూన్‌ల ఉంటే, మండుడు మే నెలల ఎందుకు? మే రెండో వారానికే సూర్యుడు హైదరాబాద్ నడినెత్తి మీదికొస్తడు. జూన్‌ల మబ్బులొచ్చి నేలను సల్లబరుస్తయి.

ఇప్పుడు కైకిలి లెక్కకొద్దాం. హైదరాబాద్‌ల డిసెంబర్ పగలు 11 గంటలు, జూన్ పగలు 13 గంటలు. పొద్దు పొడిచేకాడ ఒక గంట, గూకేకాడ ఒక గంట పెరుగుతది. ఊర్లల్ల "పొద్దు పొడిచిన కాన్నుంచి పొద్దుగూకేదాక పని" అని మాట్లాడుకుంటే ఆ మాటల రెండు గంటలు దాగుంటయి. డిసెంబర్‌ల ఇచ్చిన కైకిలే జూన్‌ల గూడ ఇస్తే, ఆ రెండు గంటలు ఉత్తగ చేసినట్టే గదా!

అందుకే కైకిలికి పోయే అక్కలారా, పనిల దిగిన టైం, ఎక్కిన టైం రాసుకోండ్రి. ఎనిమిది గంటలు దాటితే పైకం అడుగుండ్రి. పొద్దు ఎప్పుడు గూకితేంది, గడియారం ఏడాదంతా ఒక్క తీరుగనే తిరుగుతది.