పై గదికి అందని వైఫై

హాల్లో వైఫై గీతలన్నీ నిండుగా చూపించే ఫోను, మెట్లెక్కి పై గదిలోకి వెళ్ళేసరికి ఒక్క గీతకు పడిపోతుంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసు అక్కడే ఆగిపోతుంది. అప్పుడు చాలా ఇళ్ళలో చేసే మొదటి పని ప్లాను పెంచడం. 100 ఎంబీపీఎస్ నుంచి 300కి మారతారు, పై గదిలో మాత్రం ఏ మార్పూ ఉండదు. ప్లాను అనేది వీధిలోంచి మన రూటర్ దాకా వచ్చే ఫైబర్‌కు సంబంధించింది. రూటర్ నుంచి ఫోను దాకా వెళ్ళాల్సింది రేడియో తరంగం. రూటర్ పక్కనే నిలబడి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేయండి. అక్కడ వేగం సరిగ్గా వస్తోందంటే, చూసుకోవాల్సింది ఇంటి గోడల్నే.

ఇళ్ళల్లో వైఫై ఎక్కువగా వాడేది 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లను. మొదటిదాని తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, రెండోదానిది అందులో సగం కన్నా తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, కానీ గోడ దాటేటప్పుడు ఎక్కువ నష్టపోతుంది. మైక్రోవేవ్ ఓవెన్ తలుపులో సన్నని చిల్లుల లోహపు రేకు ఉంటుంది చూడండి. ఓవెన్ లోపలి తరంగమూ 12 సెంటీమీటర్లదే, ఆ చిన్న చిల్లుల్లోంచి బయటికి రాలేదు. మన స్లాబులో కూడా ఇనప రాడ్ల అల్లిక ఉంది. సాధారణంగా రాడ్ల మధ్య ఎడం ఐదారు అంగుళాలు కాబట్టి తరంగం పూర్తిగా ఆగదు, కానీ అల్లికనూ కాంక్రీటునూ దాటేసరికి బాగా నీరసిస్తుంది. స్లాబు కన్నా మెట్ల దారిలోంచే పై అంతస్తుకు ఎక్కువ సిగ్నల్ చేరే ఇళ్ళు చాలానే ఉన్నాయి.

గోడల విషయంలో మనం పట్టించుకోనిది ఏటవాలు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడను తరంగం నిటారుగా దాటితే తొమ్మిది అంగుళాలే. బాగా వాలుగా దాటాల్సివస్తే అదే గోడ పద్దెనిమిది అంగుళాల మందమవుతుంది. ఇంటి ఒక మూలన రూటర్ పెట్టి ఎదుటి మూల గదిలో సిగ్నల్ కోరుకుంటే జరిగేది ఇదే. ఫైబర్ వేసే కుర్రాడు వైరు లోపలికొచ్చిన చోటే, వీధి వైపు కిటికీ పక్కనో టీవీ వెనకో, పెట్టె బిగించి వెళ్ళిపోతాడు. ఇంకో పది మీటర్ల వైరు వేసి నడి ఇంట్లో పెట్టమని అడగండి. అంత కొద్ది దూరానికి ఫైబర్‌లో వెలుగు తగ్గడం లెక్కలోకి రాదు. రూటర్ ఆరడుగుల ఎత్తున, చుట్టూ ఖాళీగా ఉండాలి. ఇనప బీరువా, ఫ్రిజ్, వెనక లోహపు పూత ఉన్న నిలువుటద్దం, నీళ్ళు నిండిన చేపల తొట్టె దగ్గర్లో వద్దు.

రూటర్ కొమ్ముల సంగతి కూడా చూడండి. నిలబెట్టిన కొమ్ము నుంచి తరంగం చుట్టూ పక్కలకు బాగా వెళ్తుంది, కొన వైపుకు చాలా తక్కువ. అన్నీ ఆకాశం వైపు చూస్తుంటే సరిగ్గా నెత్తిమీదున్న గదికి దక్కేది తక్కువ. ఒక కొమ్మును అడ్డంగా వంచితే కొంత మేలు.

మార్పు ఎంత వచ్చిందో గీతలు చెప్పలేవు. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై ఎనలైజర్ ఆప్ వేసుకుంటే సిగ్నల్ బలం డీబీఎంలలో కనిపిస్తుంది. మైనస్ 50 ఉంటే దివ్యంగా ఉన్నట్టు, మైనస్ 67 దాకా వీడియో కాల్ సాఫీగా నడుస్తుంది, మైనస్ 80 దగ్గర అవస్థే. పది తగ్గిన ప్రతిసారీ శక్తి పదో వంతుకు పడిపోతుంది. అంటే హాల్లో మైనస్ 50, పై గదిలో మైనస్ 80 అయితే అక్కడికి చేరుతున్నది వెయ్యో వంతు.

ఇన్ని చేసినా అందకపోతే అప్పుడే కొత్త పరికరం. “ఎక్కువ పవర్” అని అమ్మే రూటర్‌ను నేనైతే కొనమనను. మైకులో ఉపన్యసించేవారి మాట ఊరి చివరికి వినిపించవచ్చు, అక్కడివారు పలికే జవాబు వేదికకు వినిపించదు. ఫోను ట్రాన్స్‌మిటర్ చిన్నది, దాని జవాబు రూటర్‌కు చేరాలి కదా. చవగ్గా దొరికే రిపీటర్ కొంత నయం, అయితే ఒకే రేడియోతో విని, మళ్ళీ అదే చెప్పాలి కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. దాన్ని సిగ్నల్ లేని గదిలో పెడితే వినేదే ఉండదు, సిగ్నల్ ఇంకా బాగున్న దారి మధ్యలో పెట్టాలి.

అన్నిటికన్నా నమ్మకమైనది కింది రూటర్ నుంచి పై అంతస్తుకు ఒక క్యాట్ 6 వైరు లాగి, అక్కడ ఇంకో యాక్సెస్ పాయింట్ పెట్టడం. ఆ వైరు 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, స్లాబుతో దానికి పనే లేదు. ఇల్లు కట్టుకుంటున్నవారికి ఇది మరీ తేలిక. ఎలక్ట్రీషియన్ గోడల్లో పైపులు వేస్తున్నప్పుడే ప్రతి అంతస్తుకూ విడిగా ఒక పైపు వేయించండి. కరెంటు వైర్ల పైపులోనే దీన్నీ దూర్చనివ్వకండి.