ఎండ వేడి నెట్టే కొండ

ఖమ్మం నుంచి భద్రాచలం అడవుల అంచుకు వేసవిలో ఎప్పుడైనా వెళ్ళారా? సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండింటికి. కాని గోదావరి ఒడ్డున బండ బాగా కాలేది రెండు, మూడు గంటలకు. ఈ ఆలస్యమే అంతరిక్షంలో ఒక వింత చేస్తుంది.

సూర్యుని చుట్టూ తిరిగే గ్రహశకలాలూ ఇలాంటి బండలే. వాటి నుంచి కూడా ఎక్కువ వేడి వెలువడేది మధ్యాహ్నం దాటిన వైపు నుంచే. ఆ వేడి కిరణాలు పోతూపోతూ శకలాన్ని ఎదురు దిక్కుకు కొద్దిగా నెడతాయి. శకలం భూమిలాగే తన చుట్టూ తాను తిరుగుతుంటే ముందుకు నెట్టబడి, కక్ష్య పెద్దదవుతుంది. ఎదురు తిరిగితే చిన్నదవుతుంది. దాదాపు 1900లో ఇవాన్ యార్కోవ్‌స్కీ అనే ఇంజనీరు ఈ సంగతి ఊహించాడు.

మరి కొలిచేదెలా? రాడార్ తరంగాలు శకలాన్ని తాకి తిరిగి రావడానికి పట్టే కాలాన్నిబట్టి దూరం లెక్కకడతారు. అర కిలోమీటరు వెడల్పుండే గోలెవ్కా అనే శకలం, 1991 నుంచి 2003 వరకు 12 ఏళ్ళలో, ఈ వేడి వల్ల 15 కిలోమీటర్లు పక్కకు జరిగిందని అరెసిబో రాడార్ చూపింది. అంత కొండను నెట్టిన బలం మన చేతిలో సుమారు 30 గ్రాముల బరువంత!

బెన్నూ అనే శకలం ఎదురు తిరుగుతుంది. దాని కక్ష్య ఏటా సుమారు 284 మీటర్లు సూర్యునివైపు జరుగుతోంది. 2182 సెప్టెంబరు 24న అది భూమిని తాకే అవకాశం 2,700లో ఒకటని 2021లో లెక్కకట్టారు. ఈ చిన్న నెట్టుడును వదిలేస్తే ఆ లెక్కే తప్పుతుంది.

ఈ సాయంత్రం ఒక బండకు తూర్పు పక్కను, పడమటి పక్కను తాకి చూడండి. ఏది వేడిగా ఉంది? ఎందుకు?