నిరాశ్రయుల వసతి గృహాలు – పట్టణ ప్రణాళికా నిబంధనలు

ఇల్లు లేని వారికి వసతి గృహం నిర్మించాలంటే స్థలం, ధనం, సత్సంకల్పం ఉంటే చాలునని సాధారణంగా భావిస్తారు. కాని ఈ మూడూ సమకూరిన తర్వాత కూడా పని నిలిచిపోవచ్చు. ఆ స్థలంలో అటువంటి కట్టడానికి పట్టణ ప్రణాళిక అనుమతిస్తుందా అన్న ప్రశ్న ఒకటి మిగిలి ఉంటుంది. వసతి గృహం ఊరి నడుమ వెలుస్తుందా, ఊరి బయట ఎవరూ చేరుకోలేని చోటికి నెట్టబడుతుందా అన్నది ఈ ప్రశ్నకు లభించే సమాధానాన్ని బట్టి ఉంటుంది. కనుక ఈ నిబంధనల స్వరూపాన్ని తెలుసుకోవడం అవసరం.

భూవినియోగ విభజన

అనేక పట్టణాలకు ఒక బృహత్ ప్రణాళిక ఉంటుంది. దీనినే మాస్టర్ ప్లాన్ అంటారు. ఇందులో పట్టణ భూమిని నివాస ప్రాంతం, వాణిజ్య ప్రాంతం, పారిశ్రామిక ప్రాంతం, ప్రజోపయోగ ప్రాంతం మొదలైన విభాగాలుగా గుర్తిస్తారు. ఏ విభాగంలో ఏ కట్టడాలు ఉండవచ్చునో, వేటికి ప్రత్యేకానుమతి అవసరమో, ఏవి నిషిద్ధమో పట్టికలలో పేర్కొంటారు. ఇళ్ళ మధ్య తోళ్ళ పరిశ్రమ రాకుండా, బడి ప్రక్కన రసాయనాల గిడ్డంగి లేవకుండా కాపాడటం ఈ విభజన ఉద్దేశం.

రాయలసీమలో ఈ ఏర్పాటుకు పునాది 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం. ఆ తర్వాత 1965లో పురపాలక సంఘాల చట్టం, 2016లో పట్టణాభివృద్ధి సంస్థల చట్టం వచ్చాయి. భవన నిర్మాణ నియమాలను 2017లో సమగ్రంగా రూపొందించారు. ఒక స్థలాన్ని పటంలో చూపిన ప్రయోజనానికి కాక వేరొక దానికి ఉపయోగించదలిస్తే భూవినియోగ మార్పిడికి దరఖాస్తు చేసుకోవాలి. దానిపై ప్రజల నుండి అభ్యంతరాలను ఆహ్వానిస్తారు. నిరాశ్రయుల వసతి గృహానికి చిక్కు ఎదురయ్యేది తరచు ఇక్కడే.

నిరాశ్రయులెవరు?

జనాభా లెక్కల ప్రకారం రోడ్ల ప్రక్కన, కాలిబాటలపై, మెట్ల క్రింద, పెద్ద సిమెంటు గొట్టాలలో, ప్రార్థనాలయాల ఆవరణలలో, రైల్వే ప్లాట్‌ఫారాలపై, ఆరుబయట నివసించేవారు ఇల్లు లేనివారు. 2011లో దేశం మొత్తంపై ఇటువంటి వారు 17 లక్షల 70 వేలకు పైగా ఉన్నట్లు లెక్క తేలింది. వారిలో 9 లక్షల 38 వేల మంది పట్టణవాసులు.

వీరందరూ భిక్షకులనుకోవడం పొరపాటు. కడప జిల్లానే తీసుకుంటే, తెలుగు శాసనాలలో అతి ప్రాచీనమైనదిగా పరిగణించబడే శాసనం లభించిన కలమల్ల గ్రామం వద్ద నేడు రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఆ సమీపంలోని ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలున్నాయి. ప్రొద్దుటూరు బంగారానికీ, బట్టలకూ పేరెన్నికగన్న వ్యాపార కేంద్రం. ఇటువంటి చోట్లకు కూలి కోసం, మూటలు మోయడానికి, ఆసుపత్రిలో చేర్చిన బంధువుకు తోడుగా పల్లెల నుండి మనుషులు వస్తూనే ఉంటారు. పగలు సంపాదించిన కూలిలో లాడ్జి గదికి అద్దె చెల్లించడం వారికి అసాధ్యం. కుటుంబం వెలివేసిన వృద్ధులు, మతి స్థిమితం కోల్పోయినవారు వేరొక వర్గం. వీరికి రాత్రి తలదాచుకునే చోటు మాత్రమే చాలదు. మందులిచ్చేవారు, బాగోగులు కనిపెట్టేవారు గల శాశ్వత నివాసం కావాలి. అందుచేత ఈ రెండు అవసరాలనూ వేరువేరుగా గుర్తించాలి.

న్యాయస్థానం, మార్గదర్శకాలు

2009 డిసెంబరులో, గడ్డకట్టే చలిలో, ఢిల్లీలోని పూసా రోడ్డు వద్ద ఉన్న తాత్కాలిక నైట్ షెల్టరును నగరపాలక అధికారులు తొలగించారు. ఈ విషయం ఢిల్లీ హైకోర్టుకూ, ఆపై సుప్రీంకోర్టుకూ చేరింది. ఆహార హక్కుపై 2001 నుండి నడుస్తున్న వ్యాజ్యంలో భాగంగా 2010లో సుప్రీంకోర్టు ఇతర నగరాలలో కూడా తగినన్ని షెల్టర్లు ఏర్పరచవలసిందిగా ఆదేశాలిచ్చింది. నీడ లేకుండా జీవించే హక్కుకు అర్థం లేదన్నది ఈ ఆదేశాల సారాంశం.

2013లో ఆరంభమైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు మరికొన్ని కొలమానాలను నిర్దేశించాయి. ప్రతి లక్ష పట్టణ జనాభాకు కనీసం 100 మందికి సరిపడే శాశ్వత వసతి ఉండాలి. ఒక్కొక్క గృహంలో 50 నుండి 100 మంది ఉండవచ్చు. మనిషికి కనీసం 50 చదరపుటడుగుల చోటు ఉండాలి. స్త్రీలకు, వృద్ధులకు, రోగులకు, మానసిక వ్యాధిగ్రస్తులకు వారి అవసరాలకు తగిన ఏర్పాట్లుండాలి. అన్నిటికంటే గమనార్హమైనది, వసతి గృహం నిరాశ్రయులు గుమికూడే చోటుకూ, వారు పనిచేసే చోటుకూ వీలైనంత దగ్గరగా ఉండాలన్న నియమం.

ప్రొద్దుటూరు జనాభా 2011లో లక్షా అరవై వేలు దాటింది. ఈ కొలమానం ప్రకారం అక్కడ 100 మందికి మించిన వసతి అవసరం. జమ్మలమడుగు, పులివెందుల జనాభా ఆనాడు లక్షకు లోపే. అంతమాత్రాన అక్కడ బస్టాండులో నిద్రించేవారు లేరని కాదు. జనాభా లెక్క ప్రాతిపదిక మాత్రమే. అసలు అవసరం రాత్రివేళ ఊరిలో తిరిగి చూచినప్పుడే తెలుస్తుంది.

పట్టికలో పేరు

మార్గదర్శకాలు ఎంత ఉదారమైనవైనా, పట్టణ ప్రణాళికా పట్టికలో వసతి గృహానికి చోటు లేకపోతే ప్రయోజనం లేదు. పట్టికలో దాని పేరు లేనప్పుడు అధికారి దానిని హాస్టలుగా, ధర్మశాలగా లేదా వాణిజ్యపరమైన లాడ్జిగా భావించవచ్చు. లాడ్జిగా భావిస్తే నివాస ప్రాంతంలో అనుమతి కష్టమవుతుంది. కాని జాతీయ భవన నిర్మాణ స్మృతి, కుటుంబేతరులు కలిసి నిద్రించే డార్మిటరీలను స్పష్టంగా నివాస భవనాల వర్గంలోనే చేర్చింది. విద్యార్థులు నిద్రించే హాలు నివాసమైనప్పుడు, హమాలీలు నిద్రించే హాలు నివాసం కాకపోవడానికి కారణం కనిపించదు.

అమెరికాలో ఇదే ప్రశ్న న్యాయస్థానానికి వచ్చింది. టెక్సాస్‌లోని క్లీబర్న్ నగరం, మానసిక వికాసం తక్కువైన 13 మంది కలిసి నివసించే గృహానికి ప్రత్యేకానుమతి నిరాకరించింది. అదే ప్రాంతంలో హాస్టళ్ళకు, వృద్ధుల శుశ్రూషా గృహాలకు అటువంటి అనుమతి అక్కరలేదు. 1985లో అక్కడి సుప్రీంకోర్టు, ఈ తేడాకు ఆధారం ఇరుగుపొరుగుల అకారణ భయమే తప్ప మరొకటి కాదని ఆ నిరాకరణను కొట్టివేసింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2007లో ఒక చట్టం చేసి, ప్రతి నగరమూ ప్రత్యేకానుమతి అక్కరలేకుండా షెల్టరు కట్టుకోగల ప్రాంతాన్ని కనీసం ఒకదానినైనా ముందే గుర్తించాలని విధించింది. 2018లో మరొక చట్టం ద్వారా, అపార్టుమెంట్లకు అనుమతి ఉన్న చోట్ల సేవలతో కూడిన శాశ్వత నివాసాలకు కూడా అదే హక్కు కల్పించింది.

పొరుగువారి అభ్యంతరం

పొరుగువారి మాటకు విలువ లేదా అన్న ప్రశ్న న్యాయమైనదే. పొరుగువాని హక్కుకు ఇస్లాం ధర్మశాస్త్రం ఎంతో ప్రాధాన్యమిచ్చింది. పధ్నాలుగవ శతాబ్దంలో ట్యూనిస్ నగరానికి చెందిన ఇబ్నుర్రామీ అనే నిర్మాణ నిపుణుడు కట్టడాల తగాదాలపై ఒక గ్రంథమే రచించాడు. పొరుగింటిని బాధించే పొగ, దుర్వాసన, చప్పుడు, ఇంటి లోపలికి చూపు పడే కిటికీ వంటివి అందులోని విషయాలు. అక్కడ విచారణకు వచ్చేవి కంటికి కనిపించే హాని, తొలగించదగిన హాని. పొరుగున నివసించేవాడు పేదవాడు కావడం ఆ కోవలోకి రాదు.

ఈ తేడాను నేటి వివాదాలకు అన్వయించవచ్చు. మరుగుదొడ్లు చాలవు, మురుగునీటికి దారి లేదు, అగ్నిప్రమాదం నుండి బయటపడే మార్గం లేదు, రాత్రి కాపలా లేదు అన్న అభ్యంతరాలు సరైనవి. వాటిని అనుమతి షరతులలో చేర్చి అమలుపరచాలి. ‘వాళ్ళు మా వీధిలో ఉండరాదు’ అన్నది అభ్యంతరం కాదు, అయిష్టం. నిబంధనలు మొదటిదానిని వినాలి, రెండవదానికి తలవంచరాదు.

చోటే ప్రధానం

మదీనాలో ఇల్లూ వాకిలీ లేని సహచరులు నివసించిన ‘సుఫ్ఫా’ ఊరి పొలిమేరలో ఉండేది కాదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మస్జిదును ఆనుకొని, జనసమూహం నడుమ ఉండేది. హజ్రత్ అబూ హురైరా (రజి) అక్కడ నివసించినవారే. హైదరాబాదులో మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1919లో కట్టించిన నాంపల్లి సరాయి రైల్వే స్టేషనుకు అతి సమీపంలో ఉంది. బండి దిగిన పేద ప్రయాణికుడు నడిచి చేరగలిగిన దూరంలోనే దానికి చోటు ఎన్నుకున్నారు. తెల్లవారుజామున మార్కెట్టులో మూట ఎత్తవలసినవాడు నాలుగు మైళ్ళ అవతల ఉన్న షెల్టరుకు వెళ్ళడు, దుకాణం అరుగు మీదనే పడుకుంటాడు. అప్పుడు షెల్టరు ఖాళీగా ఉన్నదని చూపి, అవసరమే లేదని తేల్చడం సులభమవుతుంది.

మస్జిదు కమిటీలు, వక్ఫు సంస్థలు గమనించవలసినవి

ఇబ్నుస్సబీల్, అనగా బాటసారి, జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో ఒకరు. ముసాఫిర్‌ఖానా నిర్మించాలన్న సంకల్పం అందుకే మన సంస్థలకు కొత్త కాదు. అయితే స్థలం వక్ఫు చేయబడినదైనా పురపాలక అనుమతి తప్పదు. నిధులు సేకరించడానికి ముందే ఆ సర్వే నంబరు పటంలో ఏ విభాగంలో ఉందో పట్టణ ప్రణాళికా కార్యాలయంలో విచారించాలి. దరఖాస్తులో కట్టడాన్ని నివాస వర్గానికి చెందిన డార్మిటరీగా స్పష్టంగా పేర్కొనాలి. వాకిఫ్ ఉద్దేశానికి భిన్నంగా స్థలాన్ని వినియోగించడం లేదని వక్ఫు పత్రాలతో సరిచూసుకోవాలి. మాస్టర్ ప్లాను సవరణకు ముసాయిదా వెలువడినప్పుడు, బస్టాండు, మార్కెట్టు, ఆసుపత్రి పరిసరాలలో వసతి గృహాలకు చోటు గుర్తించవలసిందని గడువులోగా వ్రాతపూర్వకంగా కోరాలి. ముసాయిదాలు వెలువడే రోజున నిరాశ్రయుడు కార్యాలయానికి రాడు. అతని పక్షాన వ్రాయవలసినవారు ఇల్లున్నవారే.